పాతికేళ్ల కిందటి దుమ్ముతో ఇప్పుడు ముప్పా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో 15 ఏళ్లు పనిచేశారు. మానేసి పాతికేళ్లయింది. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు. సిగరెట్లు మానలేదు. ఆ దుమ్ము వల్ల క్యాన్సర్ వస్తుందంటున్నారు, నిజమేనా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నిజమేనమ్మా. అయితే అక్కడ పనిచేసిన అందరికీ రాదు. ఎంత దుమ్ము పీల్చారు, ఎన్నేళ్లు పీల్చారు అన్నదాన్ని బట్టి ముప్పు పెరుగుతుంది.

ఆ సిమెంటు రేకుల్లో కలిపేది ఆస్‌బెస్టాస్, అంటే రాతినార. మామూలు దుమ్ము చాలావరకు కఫంతో బయటికొచ్చేస్తుంది. కానీ ఈ రాతినార పోగులు వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. సూదుల్లా ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగిపోతాయి. అక్కడ కాపలా కాసే రక్షక కణం పోగును మింగబోతుంది. పొడవాటి పోగయితే కణంలో పట్టదు. సగం మింగి, మింగలేక, ఆ కణం ఘాటు రసాయనాలను చుట్టూ వదిలేస్తుంది. పోగు మాత్రం కరగదు. పక్క కణాల డీఎన్‌ఏ దెబ్బతింటుంది. ఇలా ఏళ్ల తరబడి రగిలి, సాధారణంగా 20 నుంచి 40 ఏళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సరో, వాటి పైపొరకు వచ్చే మెసోథీలియోమానో బయటపడుతుంది. తెల్ల ఆస్‌బెస్టాస్‌తో ఏమీ కాదన్న మాట నమ్మకండి. అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది.

ఆయాసమంటే క్యాన్సరే కానక్కర్లేదు. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్‌బెస్టోసిస్ కావచ్చు, గుండె జబ్బూ కావచ్చు. ఛాతీ వైద్యుడికి చూపించి, ముందుగా ఫ్యాక్టరీ సంగతి చెప్పండి. చాలామంది ‘రిటైరయ్యారు’ అని ఊరుకుంటారు. సిగరెట్టు తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లవుతుంది. దయచేసి ఈరోజే మాన్పించండి.