మూడు అంకెలు పాక తలుపు మీద రాసుకోండి

గోదావరి లంకలో పనిచేసేవాళ్లలో చాలామంది వరదను గుమ్మం దగ్గరి నీళ్లను బట్టి అంచనా వేస్తారు. చూడాల్సింది ధవళేశ్వరాన్ని. కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఏ అంకెకు ఏ పనో ఎండాకాలంలోనే అనుకుని ఉంచుకోండి.

అంతకన్నా ముందు కబురు భద్రాచలం నుంచి వస్తుంది. అక్కడ 43 అడుగులు దాటి ఇంకా పెరుగుతోందంటే ఆ నీరు మన వైపే వస్తోంది. కూలికి ఒప్పుకునేటప్పుడే మేస్త్రిని అడగండి: నీరు పెరిగితే ఫోన్ ఎవరు చేస్తారు, ఏ పడవలో దాటిస్తారు?

మొదటి హెచ్చరిక: కరెంటు ఆపి, ఏటి ఒడ్డున ఉన్న మోటారు విప్పి గట్టెక్కించండి. గేదెల్ని తోలండి, చూడివాటిని ముందు. ఆధార్, పాస్‌బుక్, కౌలు కార్డు ప్లాస్టిక్ సంచిలో కట్టండి. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే లాంటివి ఊరికన్నా ముందే మునుగుతాయి. నీరు పారే కాజ్‌వే మీద బండి దింపొద్దు. పైకి మోకాలి లోతే కనిపించినా అడుగున రోడ్డు కోసుకుపోయి ఉండొచ్చు.

రెండో హెచ్చరిక: దింపిన కొబ్బరికాయ, కోసిన అరటిగెల ఎక్కడివక్కడ వదిలేసి బయటపడండి. లైఫ్ జాకెట్లు లేని పడవ, జనం కిక్కిరిసిన పడవ ఎక్కొద్దు.

మూడో హెచ్చరిక: దేనికోసమూ వెనక్కి వెళ్లొద్దు. 2022 జూలైలో బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా దిగువకు వెళ్లింది. 1986 వరదలో మునగని మెరక ఇప్పుడూ మునగదనుకోవద్దు. ఏటా ఒడ్డు కోతపడే లంకలో పాత ఆనవాళ్లు నిలవవు.

నీరు తీశాక పాకలోకి కర్రతో తట్టుకుంటూ వెళ్లండి, పాములుంటాయి. కరిస్తే కోయొద్దు, తాడు బిగించొద్దు, కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. తడిసిన స్విచ్ ముట్టుకోవద్దు. పాడైన పంటను ఎత్తేయకముందే ఫొటోలు తీయండి. కౌలుదారులైతే సీజన్ మొదట్లోనే రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ నమోదు చూసుకోవాలి. అందులో మీ పేరు లేకపోతే మునిగింది మీ పంటేనని నిరూపించుకోవడం కష్టం.

ఇవాళే ఆ మూడు అంకెలూ సుద్దముక్కతో పాక తలుపు మీద రాసి, ఒక్కోదాని పక్కన ఎవరి పని ఏదో పేరు పెట్టండి. గేదె పలుపు ఎవరు విప్పాలన్న వాదన రాత్రి రెండింటికి రాకూడదు.