బొగ్గు పెరిగినది, కొలువులు తగ్గినవి

"గోదావరిఖనిలో మునుపటికంటె హెచ్చుగా బొగ్గు తవ్వుచున్నారు గదా, మా పిల్లలకు కొలువులేల దొరకవు?" అని పెద్దపల్లి జిల్లా పల్లెలలో రైతులు అడుగుచుందురు. ప్రశ్న న్యాయమైనదే.

1990 ప్రాంతమున సింగరేణి సంస్థలో స్థిరోద్యోగులు లక్షా పదివేలకు పైగా నుండిరి. ఏటి ఉత్పత్తి సుమారు 1.8 కోట్ల టన్నులు. 2023–24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులకు చేరినది. ఉద్యోగులు మాత్రము నలువది వేల పైచిలుకే. అనగా మనిషికి వచ్చు బొగ్గు సుమారు పది రెట్లయినది. ఇందు కొంత లెక్కల మాయయు గలదు. కాంట్రాక్టు కార్మికులు స్థిరోద్యోగుల పట్టికలో చేరరు. వారిని గూడ కలిపినచో ఆ పది రెట్లు తగ్గును.

కారణము సులభముగా బోధపడును. నాడు బాయిలోనికి దిగి, పేల్చిన బొగ్గును తట్టలతో నెత్తి టబ్బులలో నింపెడివారు. ఆ పనిని నేడు యంత్రములు చేయుచున్నవి. ఓపెన్ కాస్టు గనులలోనైతే షావెళ్లు, డంపర్లే ప్రధానము. వానికి కావలసినది కొలది మంది ఆపరేటర్లు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, విశాలమైన భూమి. భూమి నిచ్చిన ఊరికి కొలువులు తగ్గుట యనునదే మిక్కిలి బాధాకరము.

ఐరోపా ఈ దారిని మనకంటె ముందుగా నడచినది. బ్రిటనులో 1920 నాటికి గని కార్మికులు సుమారు 12 లక్షలు. 1984–85లో గనుల మూసివేతకు వ్యతిరేకముగా ఏడాది పాటు సమ్మె సాగినను గనులు వడివడిగా మూతపడినవి; కడపటి లోతు గని కెల్లింగ్లీ 2015 డిసెంబరులో ఆగినది. ప్రత్యామ్నాయము సిద్ధము కాకమున్నే మూసినందున అనేక గని గ్రామములు చిరకాలము నిరుద్యోగమున మగ్గినవి.

జర్మనీలోని రూర్ ప్రాంతము వేరు విధముగా నడచినది. 1957లో పశ్చిమ జర్మనీ గనులలో సుమారు 6 లక్షల మంది పనిచేయుచుండిరి. కడపటి గని 2018 డిసెంబరులో మూతపడినది. అరువది యేండ్ల ఆ కాలములో ముందస్తు విశ్రాంతి వేతనము, వేరొక గనికి బదిలీ, క్రొత్త పనిలో శిక్షణ అను మూడు మార్గములను వాడుకొనిరి. బోఖుమ్ పట్టణమున మూతపడిన గని స్థలములో 1962లో ఓపెల్ మోటారుకార్ల కర్మాగారము వెలసినది. 1965లో విశ్వవిద్యాలయము తెరువబడినది. కార్ల కర్మాగారము సైతము 2014లో మూతపడినది. విశ్వవిద్యాలయము నేటికిని నడచుచున్నది.

రామగుండమునకును ఇట్టి అనుభవము లేకపోలేదు. ఇచ్చటి పాత ఎరువుల కర్మాగారము 1999లో మూతపడగా, క్రొత్త కర్మాగారమున ఉత్పత్తి 2021లో ప్రారంభమైనది. నడుమ గడచినది ఇరువదిరెండేండ్లు. నాడు తండ్రి పని పోయిన యింట పసివాడు, దాని ద్వారములు తిరిగి తెరచుకొనునప్పటికి కొలువు వెదకు యువకుడైనాడు.