పోలిక చాలదు, సాక్ష్యము కావలెను

చదువవలసిన భాగములు: ఆదికాండము 17:5, 1 రాజులు 10:22, మత్తయి 1:21, అపొస్తలుల కార్యములు 17:22–31.



మన చోడవరమునకు ఆ పేరు ఎట్లు వచ్చెనని ఎవరైన అడిగినయెడల, చోడి పండు ఊరు గనుక అని ఒకరు చెప్పవచ్చును. చోడరాజుల పేరు గనుక అని మరియొకరు చెప్పవచ్చును. చెవికి రెండును సరిపోవును. అయితే చెవికి సరిపోయినదెల్ల నిజము కాదు. పాత శాసనములలో ఆ పేరు ఎట్లున్నదో, అట్టి పేర్లు కాలక్రమమున ఎట్లు మారినవో చూచిన తరువాతనే తీర్పు చెప్పవలెను.

ఈ జాగ్రత్త మన సాక్ష్యమునకు కూడ అవసరము. అబ్రాహాము, బ్రహ్మ అను పేర్లు ఒక్కటే అనియు, యేసు అను నామము ఈశుడు అను మాటనుండి వచ్చెననియు కొందరు బోధింతురు. వినువారు సంతోషింతురు. కాని వాక్యమును అడిగి చూడుడి. అబ్రాహాము అను పేరును అనేక జనములకు తండ్రి అను అర్థముతో దేవుడే ముడివేసెను. బ్రహ్మ అను సంస్కృత పదము పెరుగుట అను అర్థముగల ధాతువుతో సంబంధించినది. యేసు అను నామము యెహోవాయే రక్షణ అను హెబ్రీ నామము; అది గ్రీకు భాష గుండా మన యొద్దకు వచ్చెను. ఈశుడనగా ఏలువాడు. నీరు ఒక్కరీతిగా కనబడినను బావులు వేరు.

పదముల పుట్టుకను వెదకిన దైవసేవకులలో రాబర్ట్ కాల్డ్‌వెల్ ముఖ్యుడు. ఆయన 1814లో ఐర్లండు దేశమున జన్మించెను. 1805లో మన విశాఖపట్నమున పని ఆరంభించిన లండన్ మిషను సంఘమువారే ఆయనను పంపగా, 1838లో మద్రాసు చేరెను. తరువాత ఆంగ్లికన్ సంఘములో చేరి, తిరునెల్వేలి ప్రాంతమందలి ఇడైయన్‌గుడి అను పల్లెలో బహుకాలము సేవచేసెను. 1877లో బిషప్పుగా అభిషేకింపబడి 1891లో ప్రభువునందు నిద్రించెను.

తెలుగు సంస్కృతమునుండి పుట్టలేదని ఎల్లిస్ దొర 1816లోనే చూపియుండెను. కాల్డ్‌వెల్ ఆ పనిని విస్తరించి, 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించెను. ఒక్క మాట మరియొక మాటను పోలినంతమాత్రమున చుట్టరికము నిలువదు. పోలిక ఒక క్రమమున నడువవలెను. మన పాలు కన్నడములో హాలు, పులి అక్కడ హులి, పువ్వు హువ్వు, పండు హణ్ణు. మనము ప అనుచోట వారు హ అనుచున్నారు. ఇది కాకతాళీయము కాదు, ఒక యింటి గురుతు.

సొలొమోను ఓడలు తెచ్చిన వస్తువులలో నెమళ్లు ఉన్నవని మన బైబిలులో చదువుచున్నాము. అక్కడి హెబ్రీ మాట తుక్కియ్యీం. తమిళములో నెమలి పింఛమునకును నెమలికిని తోగై అను పేరు కలదు. మన తోక దానికి తోబుట్టువు. మన దక్షిణ దేశపు సరకుతోపాటు పేరుకూడ ఓడ ఎక్కియుండునని కాల్డ్‌వెల్ తలంచెను. ఆ హెబ్రీ మాటకు ఒక జాతి కోతి అని అర్థము చెప్పిన పండితులును తరువాత కలరు. కాబట్టి ఇది చక్కని ఊహ. ముద్రవేసిన పత్రము కాదు.

అట్టి పండితుడును తప్పటడుగు వేసెను. దక్షిణ దేశపు గ్రామదేవతల కొలువును, పూనకములను సైబీరియా దేశపు మంత్రగాండ్ర ఆచారములతో పోల్చి, మన భాషలు మధ్య ఆసియా భాషలకు బంధువులని వాదించెను. ఈ బంధుత్వమును నేటి భాషాశాస్త్రజ్ఞులు అంగీకరింపరు. 1849లో తిరునెల్వేలి షానారులనుగూర్చి ఆయన వ్రాసిన పుస్తకము ఆ జనులను, వారిలోని క్రైస్తవులను సహా, మిక్కిలి నొప్పించెను. మాటను ఓపికతో విన్నప్పుడు ఆయన సత్యమును కనుగొనెను. మనుష్యులను తొందరపడి తూచినప్పుడు తప్పిపోయెను.

ఇక మన సంగతి. మాడుగుల దారిని కొండనుండి పసుపు, చింతపండు, చీపుళ్లు మోసికొని దిగువారిని చూచి మనలో కొందరు నవ్వుదురు; వారిది భాషయేనా అందురు. కొండలలో ఒడియా వంటి భాష మాటలాడువారు కొందరు. కువి, కొండభాష మాటలాడువారు మరికొందరు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి కొండభాషను పరిశోధించి 1969లో గ్రంథము ప్రకటించెను. తెలుగు, గోండి, కొండ, కుయి, కువి ఒకే శాఖకు చెందినవని ఆయన నిరూపణ. అనగా వంశవృక్షములో మన తెలుగునకు తమిళముకంటె ఈ కొండభాషలే దగ్గర. మనము నవ్విన నోట పలుకునది మన అక్కచెల్లెండ్ర భాషయే!

ఏథెన్సులో పౌలు ఏమి చేసెను? ఆ పట్టణస్థుల బలిపీఠముమీద నిజముగా వ్రాయబడియున్నదానినే చదివి అక్కడనుండి మాటలాడెను. లేని పోలికను కల్పింపలేదు. వారిని ఎగతాళి చేయలేదు. మనమును అట్లే చేయుదము. యేసు నామమునకు అరువు తెచ్చిన ఆధారము అక్కరలేదు. అబద్ధపు పోలికతో గెలిచిన వాదము మరునాడు చదువుకొన్న పొరుగువాడు అడిగినప్పుడు కూలును. దానితో మన మాటమీది నమ్మికయు కూలును.

ఆలోచించుటకు:
1. నేను పరీక్షింపక ఇతరులకు చెప్పిన పోలిక ఏదైన కలదా?
2. ఎవరి మాటతీరును చూచి నేను నవ్వితిని?
3. ఈ నెలలో కొండనుండి వచ్చిన ఒకరియొద్ద వారి భాషలో పది మాటలు నేర్చుకొందునా?

ప్రార్థన: సత్యస్వరూపివగు తండ్రీ, మా నాలుకను అబద్ధ సాక్ష్యమునుండి కాపాడుము. మా పొరుగువాని మాటను గౌరవముతో వినుటకు చెవులిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.