తప్పు తెలిస్తే చాలదు, చోటు తెలియాలి

కంప్యూటర్ మెమరీ పాఠం చెప్పినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "పారిటీ మెమరీ, ఇ.సి.సి. మెమరీ రెండూ తప్పును పట్టుకునేవే గదా, ఇక తేడా ఏమిటి సార్?"

అసలు తప్పెందుకు వస్తుంది? మెమరీలో ప్రతి బిట్టూ 0 గానో 1 గానో నిలిచే కొద్దిపాటి విద్యుదావేశం. చిప్ పైకప్పులో లేశమాత్రంగా ఉండే యురేనియం, థోరియంల నుంచి వెలువడే ఆల్ఫా కణాలు దాన్ని తారుమారు చేయగలవని 1978లో ఇంటెల్ శాస్త్రజ్ఞులు మే, వుడ్స్ చూపించారు. విశ్వకిరణాలూ అంత పనీ చేస్తాయి. 35 మార్కులను కంప్యూటర్ 100011 అని రాసుకుంటుంది. మొదటి 1 కాస్తా 0 అయిందంటే మిగిలేది 3. పాసైన విద్యార్థి ఫెయిలవుతాడు. చిప్ మాత్రం చెక్కుచెదరదు!

పారిటీ పద్ధతిలో ప్రతి 8 బిట్లకూ తొమ్మిదోది చేర్చి, 1ల సంఖ్యను సరిసంఖ్య చేస్తారు. చదివేటప్పుడు బేసి వస్తే తప్పు జరిగినట్టే. సాధారణంగా యంత్రం అక్కడే ఆగిపోతుంది. ఏ బిట్టు చెడిందో దానికి తెలియదు. ఒకే గుంపులో రెండు బిట్లు మారితే లెక్క మళ్ళీ సరిపోతుంది, తప్పు దొరకదు.

వారాసిగూడలో ఎవరింట్లోనో కరెంటు పోయిందని చెబితే లైన్‌మన్ ఏ ఇంటికని వెళతాడు? ఇంటి నంబరు కావాలి గదా! పారిటీ పేట పేరు చెప్పి ఊరుకుంటుంది. ఇ.సి.సి. ఇంటి నంబరు కూడా చెబుతుంది.

ఎలాగో చూడండి. వరుసగా ఏడు ఇళ్ళున్నాయనుకోండి. 3, 5, 6, 7 ఇళ్ళలో సమాచారం, 1, 2, 4 ఇళ్ళలో తనిఖీ బిట్లు. కాపలాదార్లు ముగ్గురు. ఒకటో నంబరువాడు 1, 3, 5, 7 చూస్తాడు. రెండో నంబరువాడు 2, 3, 6, 7. నాలుగో నంబరువాడు 4, 5, 6, 7. ప్రతివాడి లెక్కలోనూ 1లు సరిసంఖ్యలో ఉండాలి. 1011 అనే సమాచారం ఇలా 0110011 అవుతుంది. ఆరో బిట్టు మారి 0110001 అయిందనుకుందాం. ఒకటోవాడికి లెక్క సరిపోతుంది. రెండు, నాలుగు నంబర్లవాళ్ళకు తప్పుతుంది. 2, 4 కలిపితే 6. దొంగ దొరికాడు! 0 కానిది 1 గనుక దిద్దడం క్షణంలో పని. అన్నింటినీ కలిపి చూసే బిట్టు మరొకటి చేర్చితే, రెండు తప్పులు వచ్చినా దిద్దలేకపోయినా పట్టుకోగలదు.

ఇందులో విశేషం ఖర్చు. 64 బిట్లకు పారిటీ అడిగేది 8 అదనపు బిట్లు. ఇ.సి.సి. అడిగేదీ 8 మాత్రమే. తేడా అంతా కాపలా పంచుకోవడంలో ఉంది.

యంత్రం తప్పు కనిపెట్టి తన పని వదిలేస్తుంటే విసిగిన బెల్ ప్రయోగశాల గణితజ్ఞుడు రిచర్డ్ హామింగ్ ఈ పద్ధతిని 1950లో ప్రచురించాడు. అంతకు ముందే, 1947లో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్. రావు గారు ప్రయోగాల రూపకల్పన కోసం ఇటువంటి అమరికనే నిర్మించారు. గణితశాస్త్రంలో దానిని నేడు రావు-హామింగ్ నిర్మాణం అంటారు.

మామూలు పర్సనల్ కంప్యూటర్లలో సాధారణంగా ఇ.సి.సి. ఉండదు, సర్వర్లలో ఉంటుంది. రేపు మీరు ఉద్యోగాల్లో చేరి మార్కులో, జీతాలో, మందుల మోతాదులో దాచే యంత్రం కొనేటప్పుడు ఎంత మెమరీ అని మాత్రమే అడక్కండి. తప్పు వస్తే దిద్దుకుంటుందా అని కూడా అడగండి.