పెద్దపండుగ పనులు - పంచసూనలు

గృహస్థుని ఇంట ఐదు హింసాస్థానములు గలవని మనుస్మృతి తృతీయాధ్యాయమున చెప్పబడినది. వానికి సూనలు అని పేరు. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు రోకలి, నీళ్ళకుండ - ఇవియే ఆ ఐదు. పొయ్యిలో కట్టెతోపాటు అందలి పురుగు కాలును. సన్నికంటి క్రిందను, రోకటి క్రిందను ధాన్యముతోపాటు కీటకము నలుగును. చీపురు త్రోవలో చీమ చచ్చును. నీళ్ళకుండలో సూక్ష్మప్రాణి నశించును. ఇది బుద్ధిపూర్వకముగ చేసిన పాపము కాదు, బ్రతుకుటకై చేయక తప్పనిది. తప్పనిది గనుకనే శాస్త్రము నిందించి ఊరకొనక నిష్కృతిని గూడ విధించినది. వేదమును చెప్పుట బ్రహ్మయజ్ఞము, తర్పణము పితృయజ్ఞము, హోమము దేవయజ్ఞము, ప్రాణులకు బలి పెట్టుట భూతయజ్ఞము, అతిథిని ఆదరించుట మనుష్యయజ్ఞము. ఐదు సూనలకు ఐదు యజ్ఞములు.

పాఠశాలలో ఇంతవరకు వల్లెవేయింతురు. ఈ ఐదు సూనలును ఒక్కమారుగ, విశ్రాంతి లేక పనిచేయు కాలమేదని మాత్రము విద్యార్థిని ఎవరును అడుగరు. ఆ కాలము పెద్దపండుగ ముందరి నెల. ఆ నెల ఎట్లు గడచునో, ఆ పనులలో శాస్త్రము ఎచట దాగియున్నదో కుప్పము ప్రాంతపు గృహములను బట్టి విచారింపవచ్చును.

కుప్పము చిత్తూరు జిల్లాకు నైరృతిమూలనున్న పట్టణము. ఒక ప్రక్క కర్ణాటకము, మరియొక ప్రక్క తమిళనాడు. ఒకే వీథిలో మూడు భాషలు వినవచ్చును. 1997వ సంవత్సరమున ద్రావిడ విశ్వవిద్యాలయము ఇచట వెలయుటకు ఈ భాషాసంగమమే కారణము. భాషలు మూడైనచో పంచాంగములును వేరగును గదా. తెలుగువారును కన్నడిగులును చాంద్రమానమును పాటింతురు, తమిళులు సౌరమానమును. అందుచే సంవత్సరాది ఒక ఇంట ఒకనాడు, ఎదురింట మరియొకనాడు వచ్చును. తమిళుల మార్గళి సూర్యుడు ధనూరాశియందుండు మాసము. తెలుగువారి మార్గశిరము అమావాస్య మరునాటితో మొదలగు చాంద్రమాసము. పేరు దాదాపు ఒకటియే, దినములు మాత్రము ఒకటి కావు. మాసములలో మార్గశీర్షము తానని గీత పదియవ యధ్యాయమున భగవానుడు చెప్పిన మాటను ఎవరికి వారు తమ మాసమునకే అన్వయించుకొందురు. జగడమునకు దారితీయని వివాదములలో ఇది యొకటి.

సంక్రాంతి విషయమున ఆ వివాదము గూడ లేదు. అది సూర్యగతిని బట్టి ఏర్పడిన పండుగ. చాంద్రమానము పాటించువాడైనను ఆనాటికి సూర్యుని లెక్కకే రావలయును. డిసెంబరు 16వ తేదీ ప్రాంతమున సూర్యుడు ధనుస్సున ప్రవేశించును. తెలుగువారు దీనిని నెలగంట పట్టుట యందురు. అది మొదలు జనవరి 14 లేక 15వ తేదీన మకరప్రవేశమగువరకు మూడు భాషల ఇండ్లకును ఒకే నెల, ఒకే పని. ఉత్తరాయణము దృక్సిద్ధముగ డిసెంబరు 21, 22 తేదీలకే మొదలగుచున్నదని, కావున పండుగ వెనుకబడినదని కొందరు ఆక్షేపింతురు. అయనాంశ నేడు సుమారు 24 భాగలగుటచే ఈ యెడము కలిగినది. సుమారు 72 సంవత్సరములకు ఒక దినము చొప్పున ఇది యింకను పెరుగును. ఆక్షేపణలోని గణితము సరియైనదే. పండుగ మాత్రము నిరయణమకరమునకు కట్టుబడియున్నది. అరిసెల పాకమునకు ఈ వాదముతో పనిలేదు.

కుప్పము సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైనున్న పీఠభూమి. పుష్యమాసపు తెల్లవారుజామున మంచు దట్టముగ పట్టి ఎదుటి ఇల్లు కనబడదు. ఆ చలిలో మొట్టమొదట మేల్కొనునది చీపురు. వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, ముగ్గు పెట్టుట నెలదినములు తప్పని విధి. పండుగ దగ్గరపడినకొలది బూజు దులుపుట, గోడలకు సున్నము వేయుట, అటుకలమీది పాత్రలు దింపి తోముట వచ్చిపడును. అనగా చీపురును నీళ్ళకుండయు దినమెల్ల పనిచేయును. పిమ్మట రోలు. అరిసెలకు - ఈ ప్రాంతమున వీనినే అత్తిరసములనియు అందురు - బియ్యము నానబెట్టి, వడకట్టి, తడి ఆరకమునుపే దంచవలయును. పిండి ఆరినచో పాకము పట్టదు. అందుచే దంచువారొకరు, జల్లించువారొకరు, బెల్లపుపాకము చూచువారొకరు, ఒకే వేళ ముగ్గురు కావలయును. పాకము ముదిరినచో అరిసె రాయియగును, లేతదైనచో నూనెలో విరియును. ఆ క్షణమును కనిపెట్టుట ఏ గ్రంథమునను లేదు, నీటిగిన్నెలో ఒక బొట్టు పాకము వేసి ఉండకట్టి చూచు ముసలమ్మ వ్రేళ్ళలో నున్నది.

పొయ్యికి ఇదియొక్కటియే పనికాదు. అనపకాయలు విరివిగ వచ్చు ఋతువిది. గింజలను నానబెట్టి, ఒక్కొక్కదానిని వ్రేళ్ళతో నొక్కి తోలు విడిపించిన పితికిపప్పు లేనిదే ఈ సీమలో చలికాలము గడువదు. రాగిసంగటికి అది సరిజోడు. శేరుడు గింజలు పితుకుటకు ఒక సాయంకాలము పట్టును. పిల్లలును, ముసలివారును చుట్టును కూర్చుండి పితుకుచు మాటలాడుకొందురు. మల్బరీ తోటలున్న రైతు ఇంట మరియొక పనిగూడ గలదు. పండుగయని పట్టుపురుగు ఆకు మానదు. భోగినాడును వేళకు తట్టలలో ఆకు వేయవలసినదే. మనువు ఐదు సూనలనే లెక్కించెను. పట్టు పెంచు ఇంటికి ఆరవది గూడ చెప్పవలసియుండునేమో.

ఈ పనులెల్ల ఎవరి చేతులలో నున్నవి? ఇదియే ప్రశ్న. సూనలైదును స్త్రీల చేతి పనిముట్లు. యజ్ఞములైదును పురుషుడు చేయునట్లు లోకమున రూఢియైనది. ఈ విభాగమును బట్టి చూచినచో దోషము ఒకరిదియు, పుణ్యము మరియొకరిదియు నగును. శాస్త్రాభిప్రాయము ఇది కాదు. సూనలు గృహస్థునివని స్మృతి చెప్పినదే గాని గృహిణివని చెప్పలేదు. పొయ్యి ఆమె రాజవేసినను ఆ దోషము అతనికి చెందును. కావున ఆ శ్రమలోను అతడు భాగస్వామియే. పండుగనాడు పట్టుపంచ కట్టి అరిసెకై చేయి చాచువాడు ముందునాటి రాత్రి రోకలి పట్టినచో ఆచారభంగమగునని తలచుట అజ్ఞానము. కోడలు ఉద్యోగమునకు పోయివచ్చు ఇండ్లలో ఈ మాట మరింత గట్టిగ చెప్పవలసియున్నది. కుప్పమునుండి బెంగుళూరునకు రైలుమార్గము సుమారు నూరు కిలోమీటర్లు. చీకటితో బండియెక్కి పనికిపోయి, చీకటిపడిన పిమ్మట ఇల్లు చేరువారు ఈ ప్రాంతమున అనేకులు. అట్టి ఇంటి స్త్రీ ఆదివారమొక్కనాట నెలపనిని ముగింపవలసివచ్చుచున్నది. పిండి యంత్రములో పట్టించి తెచ్చుటను, అరిసెలు అంగడిలో కొనుటను పెద్దలు తప్పుపట్టుదురు. తప్పుపట్టువారు ముందు రోటివద్దకు రావలయును.

ఇక నిష్కృతి ఎచట నున్నది? పండుగలోనే ఉన్నది. విడిగ చేయవలసినది కొంచెమే.

వాకిట ముగ్గునే తీసికొనుడు. చీపురు చంపిన చీమకు చీపురు నడచిన చోటనే బియ్యపుపిండి పెట్టుచున్నారు. భూతయజ్ఞమునకు ఇంతకంటె సూటియైన రూపము దొరకదు. రాతిపొడితోను, అంగటి రంగులతోను పెట్టిన ముగ్గు చూపునకు ఎంత సొగసైనను చీమ దానిని ముట్టదు. రంగులు వలదని అనుట కాదు. నడుమ ఒక్క పద్మమైనను పిండితో వేసినచో ముగ్గునకు ముగ్గు, బలికి బలి.

బ్రహ్మయజ్ఞమునకు తెల్లవారుజామున తిరుప్పావై గలదు. గోదాదేవి ముప్పది పాశురములను నెలదినములు, దినమునకొకటిగ ఆలయములలో విన్నవింతురు. తిరుమలలో ధనుర్మాసమంతయు సుప్రభాతమునకు మారుగ తిరుప్పావైనే చదువుదురు. ద్రవిడభాషలోని ఆ పాశురములను తెలుగు ఇంటి పిల్లలు అర్థము తెలియకయే కంఠస్థము చేయుట కుప్పమున వింత కాదు, అర్థము చెప్పుటకు పొరుగింటి పాటి ఉండనే యున్నది. శ్రీకృష్ణదేవరాయలు గోదాదేవి కథను ఆముక్తమాల్యదగ తెలుగున రచించెను గనుక ఈ ఇచ్చిపుచ్చుకొనుట నిన్నటిది కాదు. దేవయజ్ఞము చలిలో ఆవిరిగ్రక్కు పొంగలి నైవేద్యముతో నెరవేరును. తల్లి పొయ్యిమీద వండిన పొంగలియే దేవునియెదుటకు పోయి, ప్రసాదమై మరలి వచ్చుచున్నది. మనుష్యయజ్ఞమును హరిదాసు తలమీది పాత్ర గుర్తుచేయును. గంగిరెద్దువానికి పాతబట్ట, హరిదాసునకు చేటెడు బియ్యము, పొరుగు కన్నడ ఇంటినుండి నువ్వులు, బెల్లము, కొబ్బరి, వేరుసెనగలు కలిపిన ఎళ్ళుబెల్లము వచ్చినచో మారుగ నాలుగు అరిసెలు. తనకొరకే వండుకొనువాడు పాపమునే భుజించునని గీత మూడవ యధ్యాయమున భగవానుడు పలికెను. సంక్రాంతినాడు తనకొరకే వండుకొను ఇల్లు వెదకినను కానరాదు.

పితృయజ్ఞము సంక్రాంతి నాటిది. క్రొత్తబట్టలు ముందుగ గతించిన పెద్దలకు పెట్టి, పిదప కట్టుకొందురు. తిలతర్పణము, గుమ్మడికాయ దానము ఆనాటి విధులు. ప్రవేశము రాత్రియైనచో పుణ్యకాలము మరునాటిది. పంచాంగములో తేది మారుటకు ఇదియే కారణమగుటచే పొరుగువారిని చూచి కలతపడ పనిలేదు.

భోగిమంటను గూర్చి ఒక్కమాట. పాతదానిని కాల్చుట యన్న పేర రబ్బరు చక్రములు, ప్లాస్టిక్ సంచులు తెచ్చి వేయుట ఇటీవలి దురాచారము. హోమబుద్ధితో చేయు పనిలో ముక్కు మూసికొనవలసివచ్చుట యేమి? భోగి పిడకలు, ఎండుకట్టెలు చాలును. చెదపట్టని పాతబల్లను, ముసలివాని తాళపత్రములను మంటకు తెచ్చు యువకులు గూడ గలరు. అది భోగి కాదు.

కనుమనాడు శాస్త్రమంతయు పల్లెలలో నడచును. అంతకు ముందే చెట్ల బెరడులను, మూలికలను ఉప్పుతో దంచి ఉప్పుచెక్క చేసి పశువులకు తినిపింతురు. మింగింప మొరాయించు ఎద్దును పట్టుటకు నలుగురు కావలయును. కనుమ ఉదయమున పశువులను కడిగి, కొమ్ములకు రంగు పూసి, పూసలు గంటలు కట్టుదురు. పసుపు కుంకుమలు కలిపిన పొంగలిని ‘పొలి, పొలి’ యనుచు చేలలో చల్లుదురు. పక్షికి, పురుగునకు, కనబడని దేవతకు అది బలి. స్మృతి చదువని రైతు వైశ్వదేవమునందలి బలిహరణమును పొలమంతటి కొలతతో చేయుచున్నాడు. సాయంకాలమున ఆలమందల వీరుడగు కాటమరాజును కొలిచి, చితుకులు కంపలు పేర్చిన చిట్లాకుప్పకు నిప్పుపెట్టి పశువులను తోలుదురు. మేతబీళ్ళకై నెల్లూరి రాజుతో పోరిన వీరుడు పశువుల పండుగకు దేవుడగుట ఉచితమే. సరిహద్దు దాటి కర్ణాటకపు పల్లెలకు పోయినచో సంక్రాంతి సాయంకాలమున పశువులను మంట దాటించుట కనబడును. ఒక్కనాటి తేడాయే గాని వేడుక ఒకటియే. పుంగనూరు పొట్టి ఆవు ఈ సీమకు పేరు తెచ్చిన జాతి. మూడడుగుల ఎత్తు దాటుట అరుదు, పాలు చిక్కన. అంతరించు దశకు వచ్చిన ఆ జాతిని పలమనేరులోని పశుపరిశోధనకేంద్రమున కాపాడుచున్నారు. కనుమనాడు పసుపు పూయుటకు ఆవు మిగిలియుండవలయును గదా.

పిల్లలు దూరదేశములకు పోగా ఇద్దరు వృద్ధులే మిగిలిన ఇండ్లు నేడు వీథికి నాలుగైనను కలవు. రోలెత్తలేరు, మెట్లెక్కి బూజు దులుపలేరు. పండుగ సాగలేదని వారు కన్నీరు పెట్టుట అనవసరము. తైత్తిరీయారణ్యకము ద్వితీయప్రపాఠకమున పంచమహాయజ్ఞములకు కనిష్ఠపరిమాణము చెప్పబడినది. అగ్నిలో ఒక్క సమిధ వేసినను దేవయజ్ఞమగును. పితరులకు నీరు మాత్రము విడిచినను పితృయజ్ఞమగును. ఒక్క ఋక్కును చదివినను బ్రహ్మయజ్ఞము పూర్తియగును. శ్రుతియే ఇంత దయ చూపగా, పండ్రెండు రకముల పిండివంటలు లేవని పొరుగువారు ఆక్షేపించుట దేనికి? చిటికెడు పిండితో వాకిట ఒక ముగ్గు, సోలెడు బియ్యపు పొంగలి, కాకికి ముద్ద, వచ్చినవానికి పిడికెడు - ఆ ఇంట పండుగ జరిగినట్లే.

కనుమనాడు కాకియు కదలదను సామెత చెప్పి, బెంగుళూరు పోవలసిన కొడుకును కోడలిని నిలిపివేయుట, మరునాడు వారు పనిలో మాటపడుట ఏటేట జరుగుచున్నది. ఈ నిషేధము ఎద్దులకు విశ్రాంతినిచ్చుటకై బండి కట్టరాదను ఆచారమునుండి పుట్టినదని చెప్పుట యుక్తము. రైలునకు ఎద్దులు కట్టలేదు. చిట్లాకుప్ప చూచి, గోవునకు గ్రాసము పెట్టి, అరిసెల డబ్బా చేతికిచ్చి సాయంకాలపు బండికి పంపవచ్చును.