గుండె బలహీనపడితే కిడ్నీలు ఏం చేస్తాయి?

ఈ హాస్టల్లోనే చదివి, మా ఇంట్లో తొలి డిగ్రీ తెచ్చుకుని, ఇప్పుడు ఫార్మకాలజీలో పీజీ చేస్తున్నాం. క్లాసులో విన్న పాఠం ఒకటి మా ఇంటికే వచ్చింది.

మా నాయనకు గుండె వైఫల్యం. ఎనాలప్రిల్ మొదలుపెట్టాక రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.1 నుంచి 1.3కి పెరిగింది. "ఈ మాత్రలే కిడ్నీలను తింటున్నాయి" అని ఊళ్లో ఎవరో అన్నారు. నాయన మాత్రలన్నీ ఆపేశాడు. పది రోజులకు కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరాడక రాత్రంతా మంచం మీద కూర్చునే ఉన్నాడు.

అసలు సంగతి ఏమిటి?

విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపుతుంది. అందులో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే పోతుంది. గుండె బలహీనపడితే ఆ వాటా తగ్గుతుంది. ఒంట్లో నీరే తక్కువైందని కిడ్నీలు పొరబడి రెనిన్ విడుదల చేస్తాయి. దాంతో యాంజియోటెన్సిన్-2, ఆల్డోస్టిరాన్ పెరిగి రక్తనాళాలు బిగుస్తాయి, ఉప్పూ నీరూ ఒంట్లో నిలుస్తాయి. కాలవ చివరి రైతు నీరందక మడికి గట్టు కట్టుకున్నట్టన్నమాట. ఆ నిలిచిన నీరే కాళ్లవాపు, ఆయాసం.

మందులు

ఫ్యూరోసెమైడ్ ఉప్పును, నీటిని మూత్రంలో బయటికి పంపుతుంది. ఎనాలప్రిల్ యాంజియోటెన్సిన్-2 తయారీని తగ్గిస్తుంది. తీవ్ర గుండె వైఫల్యం ఉన్న 253 మందిపై జరిగిన పరిశోధన 1987లో వెలువడింది. ఆరు నెలల్లో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 44 శాతం, ఎనాలప్రిల్ తీసుకున్నవారిలో 26 శాతం మరణించారు.

మరి క్రియాటినిన్ ఎందుకు పెరిగింది? కిడ్నీ వడపోత నుంచి రక్తం బయటికి పోయే నాళాన్ని ఎనాలప్రిల్ వదులు చేస్తుంది. వడపోత ఒత్తిడి తగ్గి మొదట్లో క్రియాటినిన్ కొంత పెరుగుతుంది. రోగి బాగుంటే 30 శాతం లోపు పెరుగుదలకు డాక్టర్లు సాధారణంగా మందు ఆపరు. నాయనకు పెరిగింది 18 శాతమే. పొటాషియం కూడా పెరగవచ్చు కనుక ఒకటి, రెండు వారాల్లో రక్తపరీక్ష తప్పనిసరి.

జాగ్రత్తలు

1. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా కొని వేసుకోకూడదు. ఇవి కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి, ఉప్పును నిలుపుతాయి.
2. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే వెంటనే డాక్టరుకు చెప్పాలి.
3. మాత్ర ఆపాలన్నా, తగ్గించాలన్నా డాక్టరే చెప్పాలి.

డాక్టరు మాత్రలు తిరిగి మొదలుపెట్టారు. నాయన ఇప్పుడు పొలం గట్టుదాకా నడుస్తున్నాడు. మందుల చీటీ చదవగలిగింది ఇంట్లో మేమొక్కళ్లమే. ఆ పది రోజులూ ఫోనులో "బాగున్నావా నాయనా" అన్నామే గానీ, మాత్రల మాట అడగలేదు. తమ్ముళ్లూ, సెలవులకు వెళ్లినప్పుడు అమ్మానాన్నల చీటీలు తీసి చదవండి. మన చదువు ముందు అక్కరకు రావలసింది అక్కడే.