పాత స్టీరియో – దాని సంరక్షణ

పోతిరెడ్డిపల్లి చౌరస్తా మీదుగా రేయింబవళ్ళు లారీలు సాగుచుండును. ఒక దిక్కున సంగారెడ్డి, వేరొక దిక్కున పటాన్‌చెరు పారిశ్రామికవాడ. దారిపై లేచిన ధూళి ఇండ్లలోనికి వచ్చి పాత్రలపైన, పుస్తకములపైన పేరుకొనును. వానిని తుడిచిన చాలును. కాని ఆ యింట నలుబది ఏండ్లనాటి స్టీరియో రికార్డు ప్లేయరున్నచో ఆ ధూళియే దానికి మొదటి శత్రువు.

రికార్డుపై వెలుపలి అంచునుండి లోనికి చుట్టుకొనిపోవు గాడి ఒక్కటే యుండును. ఇరువది నిమిషములు మ్రోగు ఒక వైపు గాడిని సాగదీయగలిగినచో సుమారు 400 మీటర్లుండును! 1958 ప్రాంతమున వ్యాప్తిలోనికి వచ్చిన స్టీరియో రికార్డులలో ఆ గాడి వెలుపలి గోడ కుడి స్పీకరునకును, లోపలి గోడ ఎడమ స్పీకరునకును ధ్వని నొసగును. రెండు గోడలను తాకుచు పోవు ముల్లు ఒక్కటే. దాని త్రోవలో ధూళి రేణువు పడినచో గోడ గీరుకొనిపోవును. అరిగిన ముల్లు అంతకన్నను చెరుపు చేయును. అది ఉలివలె గోడలను చెక్కివేయును.

ముల్లును క్రొత్తది కొనవచ్చును. చెరిగిన గాడిని బాగుచేయువాడు లేడు. 1974లో కన్నుమూసిన ఘంటసాల పాటలు నేడు సెల్‌ఫోనులోను వినవచ్చును, నిజమే. కాని తాతగారు కొని, అట్టపై తన పేరు వ్రాసికొన్న రికార్డు మరల దొరకదు.

కావున ప్రతి పర్యాయము మెత్తని కుంచెతో గాడి వెంబడి దుమ్ము తీయవలెను. రికార్డులను ఒకదానిపై నొకటి పేర్చక నిలువుగా నుంచవలెను. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ప్రాతవానిలో పెక్కు లక్కతో చేసినవి. వానికి స్పిరిటు తగులరాదు, లక్క కరగును.

యంత్రమును వాడక మూలనుంచుటయు మేలుకాదు. కందెన గట్టిపడును, రబ్బరు బెల్టు సాగును, వేడికి కండెన్సర్లు ఎండును. ఆంప్లిఫయరు మూతను మాత్రము పిల్లలు తీయరాదు. ప్లగ్గు తీసిన పిదపను కండెన్సర్లలో విద్యుత్తు నిలిచియుండును.

అమెరికానుండి బంధువులు తెచ్చిన ప్లేయరుతో మరియొక చిక్కు కలదు. అచ్చటి విద్యుత్తు 120 వోల్టులు, సెకనునకు 60 ఆవృత్తులు. ఇచ్చటిది 230 వోల్టులు, 50 ఆవృత్తులు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను తగ్గించును గాని ఆవృత్తులను మార్చజాలదు. అందుచే కొన్ని పాత మోటార్లు మందగించును. 33⅓ చుట్లు తిరుగవలసిన రికార్డు 28 చుట్లకు లోపుగానే తిరుగును. గాయని కంఠము పురుషుని కంఠమువలె బొంగురుగా వినవచ్చును. బెల్టుతో నడచు ప్లేయరునకు ఉపాయము కష్టమైనది కాదు. మోటారు కప్పీని కొలిపించి, వ్యాసమున సుమారు ఐదవ వంతు పెద్దదానిని లేతుపై చేయించి తొడిగించవలెను. పటాన్‌చెరు ప్రాంతమున లేతు పనివారికి కొదువలేదు.